జూలైలో దొరకని టమాటా



2023 జూలై తెలుగు వంటిళ్లు అంత తొందరగా మరిచిపోయే నెల కాదు. మదనపల్లె మార్కెట్‌లోనే మొదటి రకం టమాటా కిలో రెండు వందల రూపాయల దగ్గరికి వెళ్లింది. హైదరాబాద్ తోపుడు బండ్ల దగ్గర కిలో అడిగేవాళ్లు పావుకిలోకు దిగారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మిస్తే జనం బారులు తీరారు. కేంద్ర ప్రభుత్వం దక్షిణాదిలోనూ మహారాష్ట్రలోనూ టమాటా కొని ఢిల్లీలో కిలో 90కి అమ్మడం మొదలుపెట్టి, ఆగస్టు 20 నాటికి 40కి దించింది. మధ్యలో నేపాల్ నుంచి కూడా తెప్పించారు. మెదక్ జిల్లా కౌడిపల్లి మండలంలో ఎండాకాలంలోనే షేడ్‌నెట్ కింద టమాటా వేసిన ఒక రైతు ఆ ఒక్క పంటతో కోట్లు చూశాడని పేపర్లన్నీ రాశాయి.

ఆ ధర దెబ్బకు చాలా ఇళ్లలో ఒకే మాట వినిపించింది: మనమే నాలుగు మొక్కలు పెట్టుకుంటే పోదా? ఆలోచన మంచిదే, కాలం లెక్కే కుదరలేదు. జూలై మధ్యలో విత్తనం వేస్తే నారు ఎదగడానికి 25 రోజులు పడుతుంది. నాటాక మొదటి పండు తెంపడానికి ఇంకో రెండు నెలలు. అంటే అక్టోబర్. కాని సెప్టెంబర్‌లోనే కర్నూలు, నంద్యాల వైపు రైతులు గిట్టుబాటు కాక టమాటాను రోడ్డు పక్కన పారబోశారు. ఇంటి మొక్కకు కాయ పండే వేళకు బజారులో టమాటాను పలకరించే దిక్కు లేదు.

ఈ ప్రసంగం టమాటా ఇంట్లో పెంచడం గురించే. ఉదాహరణకు తీసుకున్న ఊరు నాదర్‌గుల్. రంగారెడ్డి జిల్లాలో సాగర్ రోడ్డుకూ శ్రీశైలం రోడ్డుకూ నడుమ ఉండే ఊరు. ఎం.వి.ఎస్.ఆర్. ఇంజనీరింగ్ కాలేజీ, శిక్షణ విమానాలు ఎగిరే చిన్న రన్‌వే, వాటి చుట్టూ ఏటేటా పెరిగే లేఅవుట్లు. ఒకప్పుడు జొన్న, కంది, కూరగాయలు పండిన ఎర్రచెల్కల్లో ఇప్పుడు నూటయాభై, రెండు వందల గజాల ఇళ్లు లేస్తున్నాయి. ఇంటి వెనక నాలుగడుగుల సందు, పైన బంగ్లా, అంటే మిద్దె. మొక్కకు మిగిలిన చోటు ఈ రెండే. హైదరాబాద్ శివార్లలో ఏ మూల చూసినా ఇదే కథ కాబట్టి, నాదర్‌గుల్‌కు చెప్పింది తుర్కయంజాల్‌కూ ఆదిభట్లకూ కూడా పనికొస్తుంది.

ముందు ఆ జూలై చిక్కుముడి విప్పుకుందాం. టమాటా ధర వానాకాలం మొదట్లో ఎందుకు పెరుగుతుంది? దానికీ, ఇంటి మొక్క ఆ రోజుల్లో కాయకపోవడానికీ కారణం ఒకటే. టమాటా పువ్వు తనకు తానే పరాగసంపర్కం చేసుకుంటుంది. ఆ పుప్పొడికి వేడి పడదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి చచ్చుబడుతుంది. పువ్వు నిండుగానే పూస్తుంది, రెండు రోజుల్లో కాడ దగ్గర పసుపెక్కి రాలిపోతుంది. రాత్రి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటేనే పిందె బాగా నిలుస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల మే నెలలో పగటి వేడి సగటున 39 డిగ్రీల దాకా ఉంటుంది. బంగ్లా మీద కాంక్రీటు పగలంతా కాగి రాత్రి కూడా వేడి వదులుతుంది కనుక అక్కడ ఇంకా ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో పిందె పడకపోతే జూన్, జూలైల్లో పండు ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే ఎండాకాలంలో హైదరాబాద్ మదనపల్లె వైపూ, కర్ణాటకలో కోలారు, చిక్కబళ్లాపురం వైపూ చూస్తుంది. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, హైదరాబాద్ కన్నా ఎత్తు, రాత్రిళ్లు కొంచెం చల్లన. ఆ కొంచెం తేడా మీదే టమాటా వ్యాపారం నడుస్తోంది. అక్కడ ఒక ఏడాది వాన అడ్డంపడినా, వైరస్ తగిలినా మన దగ్గర ధర భగ్గుమంటుంది. ఇంటి మొక్క ఆ మంటను ఆర్పలేదు. ఎందుకంటే దాని అవస్థా అదే.

ఇక యాసంగికి వద్దాం. నాదర్‌గుల్‌లో ఇంటి టమాటాకు సరైన కాలం ఇదే, పండుగలతో గుర్తుపెట్టుకోవచ్చు. వినాయక చవితి రోజుల్లో నారు పోయాలి. బతుకమ్మ ఆడే రోజుల్లో నాటాలి. దీపావళికి పూత కనిపిస్తుంది. డిసెంబర్‌లో మొదటి పండు, అక్కడి నుంచి ఫిబ్రవరి చివరిదాకా కోతే కోత. వాన వెనకబట్టి, చలి ఇంకా ముదరక, ఎండ మెత్తగా ఉండే ఆ రోజులు టమాటాకు అచ్చొస్తాయి. డిసెంబర్, జనవరుల్లో కొన్ని రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగినప్పుడు పిందె నాలుగు రోజులు నిలవకపోవచ్చు. కంగారు పడక్కర్లేదు, చలి తగ్గగానే మళ్లీ పడుతుంది. ఒకేసారి మొక్కలన్నీ పెట్టకుండా సగం ఇప్పుడు, సగం మూడు వారాల తర్వాత నాటితే పండ్లు కూడా విడతలు విడతలుగా వస్తాయి.

ఆ కాలంలో బజారులో టమాటా చవక కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. సంక్రాంతి రోజుల్లో సరూర్‌నగర్ రైతు బజారుకు వెళ్తే యాచారం, ఇబ్రహీంపట్నం, చేవెళ్ల రైతుల టమాటాలు రాశులు పోసి ఉంటాయి. డబ్బు మిగిలించుకుందామని టమాటా పెంచేవాళ్లకు ఈ లెక్క చూస్తే నీరసం వస్తుంది. గ్రో బ్యాగు, మట్టి, ఎరువు, నీళ్లు కలిపి చూస్తే మొదటి ఏడాది ఇంటి టమాటా బజారు టమాటా కన్నా ఖరీదే పడుతుంది. ఈ సంగతి మొదట్లోనే ఒప్పుకుని దిగితే మంచిది. లాభం వేరే చోట ఉంది.

బజారుకు వచ్చే టమాటా ప్రయాణం కోసం పుట్టిన టమాటా. మదనపల్లె రైతులు మెచ్చే సాహో లాంటి హైబ్రిడ్లకు తోలు గట్టిగా ఉంటుంది, కండ దిట్టంగా ఉంటుంది, క్రేటులో అడుగున పడ్డా నలగదు. కాయకు రంగు తిరగడం మొదలవగానే తెంపి లారీ ఎక్కిస్తారు, దారిలో పండుతుంది. రైతు చేసేది తప్పేమీ కాదు, వందల కిలోమీటర్లు పోవాల్సిన సరుకు అలాగే ఉండాలి. కాని తెలుగిళ్లలో పప్పుకూ, చారుకూ, రోటి పచ్చడికీ కోరుకునేది నాటు టమాటా. బల్లపరుపుగా, భుజాల దగ్గర గాడులు పడి, పల్చటి తోలుతో, లోపల గింజా రసమూ నిండి, నాలుకను కొంచెం చురుక్కుమనిపించే పులుపుతో ఉంటుంది. అది రెండు రోజుల ప్రయాణానికే పగిలి కారిపోతుంది. అందుకే పెద్ద మార్కెట్లలో దానికి చోటు తగ్గుతూ వచ్చింది. చెట్టుకూ చట్టికీ మధ్య దూరం పది అడుగులే ఉన్న ఇల్లు మాత్రమే దాన్ని పెంచుకోగలదు. ఇంటి టమాటాకు ఇంతకన్నా గట్టి కారణం వెతకనక్కర్లేదు.

రకాల సంగతి కొంచెం వివరంగా చూద్దాం. విత్తనాల దుకాణంలో ప్యాకెట్ మీది బొమ్మ చూసి కొనేవాళ్లే ఎక్కువ. బొమ్మలన్నీ ఎర్రగానే ఉంటాయి. అడగాల్సింది ఇంకోటి: ఇది హైబ్రిడా, మామూలు రకమా? పూసా రూబీ ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇచ్చిన పాత రకం, పులుపున్న పండు. పీకేఎం-1 తమిళనాడు పెరియకుళంలో తయారైంది, బల్లపరుపు కాయ, నాటు రుచికి దగ్గర. అర్క వికాస్ బెంగళూరు శివారు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థది, నీటి ఎద్దడిని కొంత ఓర్చుకుంటుంది. ఈ మూడింటి విత్తనం ఇంట్లో దాచుకోవచ్చు. అదే సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ హైబ్రిడ్. ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుంది. మొదటిసారి పెంచేవాళ్లు సగం అర్క రక్షక్, సగం పీకేఎం-1 పెట్టుకోవడం తెలివైన పని. ఒకటి ధైర్యానికి, ఒకటి రుచికి.

అర్క వికాస్‌కు మన ఊరితో ఒక చుట్టరికం కూడా ఉంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో టమాటా జన్యువుల మీద ప్రత్యేకంగా పనిచేసే కేంద్రం ఉంది. ప్రొఫెసర్ రామేశ్వర్ శర్మ, ప్రొఫెసర్ యల్లమరాజు శ్రీలక్ష్మి నడిపించిన ఆ ప్రయోగశాలలో అర్క వికాస్ విత్తనాల్లో మార్పులు కలిగించి, వాటి నుంచి వేర్వేరు గుణాలున్న మొక్కలను ఏరి పరిశీలించారు. 2012లో టమాటా జన్యుపటం మొత్తం ప్రపంచానికి వెల్లడైనప్పుడు అందులో అయిదో క్రోమోజోము చదివే బాధ్యత భారత శాస్త్రవేత్తలదే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ప్రాంగణంలో ప్రపంచ కూరగాయల కేంద్రం దక్షిణాసియా కార్యాలయం కూడా ఉంది. ఆండీస్ కొండల దగ్గర పుట్టి, మెక్సికోలో మచ్చికై, పోర్చుగీసు ఓడల్లో మన దేశం చేరిన మొక్క మీద ఇంత పని మన గడప దగ్గరే జరుగుతోంది.

మట్టి. నాదర్‌గుల్ సహజ నేల ఎర్రచెల్క, నీరు నిలవని నేల, టమాటా వేరుకు నప్పేదే. చిక్కల్లా కొత్త ఇంటి పెరడుతో. అక్కడున్నది చెల్క కాదు. మొరం, సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, కంకర పొడి. ఆ సందులో నేరుగా మొక్క పెడితే అది గిడసబారి, పసుపెక్కి ఊరుకుంటుంది. అడుగున్నర లోతు తవ్వి, ఆ చెత్త తీసేసి, ఎర్రమట్టి రెండు పాళ్లకు బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి నింపాలి. పిడికెడు వేపపిండి చేరిస్తే వేరుపురుగులకు కొంత అడ్డు. పచ్చి పేడ మాత్రం వేయొద్దు, వేరు కాలుతుంది.

బంగ్లా మీద పెంచేవాళ్లు ముందు బరువు గురించి ఆలోచించాలి. ఇరవై లీటర్ల పాత పెయింట్ డబ్బా తడి మట్టితో నిండితే పాతిక కిలోలు దాటుతుంది. అలాంటివి ఇరవై పెడితే అర టన్ను. వాటిని స్లాబు నడిమధ్యలో కాకుండా కింద గోడలు, దూలాలు ఉన్న అంచుల వెంట వరుసగా పెట్టాలి. డబ్బా అడుగున రంధ్రాలు వేసి, దాన్ని ఇటుకల మీద నిలబెట్టాలి. అప్పుడే నీళ్లు కింద నిలవవు, స్లాబు చెమ్మగిల్లదు. మట్టిలో మూడో వంతు కొబ్బరిపొట్టు కలిపితే బరువు తగ్గుతుంది, తేమ నిలుస్తుంది. ఒక్కో డబ్బాకు ఒక్కటే మొక్క. రెండు పెట్టి రెంటినీ పస్తుంచేవాళ్లు చాలామంది.

ఈ బంగ్లా సేద్యానికి మన దగ్గర మిద్దెతోట అనే పేరు స్థిరపడటంలో ఒక రచయిత చెయ్యి ఉంది. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారపల్లిలో తన ఇంటి మిద్దె మీద ఏళ్ల తరబడి కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు పండించి, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశారు. కథలు రాసిన చేత్తోనే ఎరువు కలిపే పాళ్లు కూడా రాయడంతో, ఎందరో ఉద్యోగ విరమణ చేసినవాళ్లు ఆ దారి పట్టారు. సాక్షి పత్రికలో వచ్చిన 'ఇంటిపంట' శీర్షిక కూడా ఈ గాలిని పెంచింది. ఉద్యానశాఖ ఒక దశలో మట్టి సంచులు, విత్తనాలు, పనిముట్లు కలిపిన కిట్లను సగం రాయితీకి ఇచ్చింది.

నీళ్ల దగ్గర నాదర్‌గుల్‌కు సొంత చిక్కు ఉంది. చాలా ఇళ్లది బోరు నీరు, కఠిన జలం, లవణాలు ఎక్కువ. కొన్నాళ్లకు డబ్బా అంచు చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది. వానాకాలంలో పట్టి ఉంచిన నీళ్లో, కృష్ణా నీళ్లో వారానికి ఒకసారి ధారాళంగా పోస్తే ఆ లవణం కిందికి కారిపోతుంది. మంచినీటి యంత్రం పారబోసే నీటిని వృథా చేయకూడదన్న పొదుపుతో మొక్కలకు మళ్లించేవాళ్లున్నారు. అందులో లవణం మామూలు నీటి కన్నా చిక్కగా ఉంటుంది. ఆ నీళ్లతో వాకిలి కడగండి, బండి కడగండి, టమాటాకు మాత్రం పోయొద్దు.

నారు పోయడానికి పెద్ద హంగు అక్కర్లేదు. ప్లాస్టిక్ ట్రేలో కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి, గింజను అర సెంటీమీటరు లోతున వేస్తే వారంలో మొలుస్తుంది. ముఖ్యమైన పని ఒక్కటుంది, చాలామంది దాన్నే వదిలేస్తారు: ట్రే మీద సన్నరంధ్రాల నైలాన్ వల కప్పడం. దోమతెర గుడ్డ సరిపోదు, తెల్లదోమ దాని రంధ్రాల కన్నా చిన్నది. టమాటాకు ఆకుముడత వైరస్ మోసుకొచ్చేది ఈ తెల్లదోమే. నారు దశలో వైరస్ సోకితే ఆ మొక్క ఆకులు గిన్నెలా ముడుచుకుని, పొదలా గుబురెత్తి, ఒక్క పండు ఇవ్వకుండా నెలల తరబడి నిలబడుతుంది. దానికి మందు లేదు. ఏ కషాయమూ, ఏ నూనే సోకిన వైరస్‌ను తీయలేవు. అలాంటి మొక్కను జాలిపడకుండా పీకి, సంచిలో కట్టి పారేయాలి. నర్సరీలో తెరబయట పెంచిన నారు కొనేముందు లేత ఆకులను ఒకసారి తిప్పి చూడడం అందుకే.

నాటేటప్పుడు టమాటాకు ఒక వెసులుబాటు ఉంది. కాండాన్ని కింది ఆకుల దాకా మట్టిలో పూడ్చినా కుళ్లదు, పూడ్చిన చోటల్లా కొత్త వేళ్లు వేస్తుంది. సన్నగా సాగిపోయిన నారును ఇలా దిగనాటితే మొక్క దిట్టమవుతుంది. మిరపకూ వంకాయకూ ఈ పని చేయకండి. నాటిన రోజే ఊతకర్ర పాతాలి. తర్వాత పాతితే వేరు తెగుతుంది. కందికట్టె, వెదురు, పాత ఇనుప చువ్వ ఏదైనా సరే. కట్టు మాత్రం పురికొసతో వదులుగా, ఎనిమిది అంకె ఆకారంలో వేయాలి. ఎత్తుగా సాగే రకమైతే ఆకు సందులో పుట్టే పక్క పిలకలను చిటికెన వేలంత ఉన్నప్పుడే గిల్లేయాలి. పొట్టిగా గుబురెత్తే రకాలకు ఆ పని వద్దు, గిల్లితే కాపే పోతుంది.

పూత మొదలయ్యాక ఉదయం తొమ్మిది, పది గంటల వేళ కొమ్మను వేలితో మెల్లగా మీటితే పుప్పొడి రాలి పిందె బాగా పడుతుంది. పొలంలో ఈ పని గాలీ, రెక్కలు ఝుమ్మనిపించే తుమ్మెదలూ చేస్తాయి. నాలుగు వైపులా పిట్టగోడలున్న బంగ్లా మీద గాలి అంతగా ఆడదు, తుమ్మెదలూ తక్కువే వస్తాయి.

బతుకమ్మ మాట ముందే వచ్చింది కనుక, ఆ పూలలో ఒకటైన బంతి సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. టమాటాకు పెద్ద శత్రువు కాయతొలిచే పచ్చపురుగు. దాని తల్లి రెక్కల పురుగుకు టమాటా పువ్వు కన్నా బంతిపువ్వంటే ఇష్టం. బెంగళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ టమాటా వరుసల నడుమ బంతి వరుస వేయాలని చెప్పింది ఈ కారణంతోనే. కిటుకంతా వయసులో ఉంది. 25 రోజుల టమాటా నారుతో పాటు 40 రోజులు దాటిన బంతి నారు నాటితేనే రెండూ ఒకేసారి పూస్తాయి, పురుగు బంతి మీద గుడ్లు పెడుతుంది. దసరాకు పూలు కావాలని ముందుగానే బంతి పెట్టుకునే తెలంగాణ ఇళ్లలో ఈ ఏర్పాటు సగం జరిగే ఉంటుంది. పూలన్నీ కోసేయకుండా పురుగు కోసం నాలుగు వదిలితే చాలు.

ఇవి కాక టూటా అని ఆకులో సొరంగాలు తవ్వే ఇంకో పురుగు ఉంది. దక్షిణ అమెరికా నుంచి బయల్దేరి, 2014లో మహారాష్ట్రలో కనిపించి, మన రాష్ట్రాల దాకా పాకింది. ఆకు మీద తెల్లటి బొబ్బలాంటి మచ్చలు కనిపిస్తే ఆ ఆకు తుంచి నలిపేయాలి. ఇంటి తోటలో ఇరవై మొక్కలకు మించవు కాబట్టి చేతి వేళ్లకు మించిన మందు లేదు. తెల్లదోమకు పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీయొచ్చు. 1500 పీపీఎం వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, చిటికెడు సబ్బు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టొచ్చు. బీడీ కాల్చేవాళ్లూ ఖైనీ నలిపేవాళ్లూ తోటలో చెయ్యి పెట్టేముందు సబ్బుతో కడుక్కోవాలి. పొగాకు నుంచి టమాటాకు పాకే వైరస్ ఒకటుంది. కోతుల సంగతి మాత్రం ఏ కషాయానికీ లొంగదు. నాదర్‌గుల్ చుట్టుపక్కల వాటికి అలవాటైన బంగ్లాలున్నాయి. అక్కడ వల కప్పడమో, పండు దోరగా ఉండగానే తెంపడమో తప్పదు.

కాయ అడుగున నల్లగా, తోలు ముక్కలా మచ్చ పడుతుంది కొన్నిసార్లు. అది తెగులు కాదు, పురుగూ కాదు. కాయకు సున్నపు ధాతువు అందకపోవడం. మట్టిలో అది లేక కాదు, చాలాసార్లు నీళ్లు సరిగా అందక. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు ముంచెత్తితే వేరు దాన్ని పైకి మోయలేదు. డబ్బాలో కోడిగుడ్డు పెంకులు గుచ్చేవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది, కాని ఆ పెంకు కరిగేసరికి పంటకాలం అయిపోతుంది. రోజూ ఒకే వేళకు, ఒకే కొలతలో నీళ్లు పోయడమే దాని వైద్యం. కాయలు పగలడానికి కారణం కూడా ఈ ఎండబెట్టి ముంచడమే. డబ్బాలో మట్టి పైన ఎండుటాకులో, వరిగడ్డో రెండంగుళాలు పరిస్తే సగం బాధ తీరుతుంది.

ఇప్పుడు కోత. టమాటా చెట్టు మీదే పూర్తిగా ఎర్రబడాలన్నది చాలామంది నమ్మకం. కాయ అడుగున గులాబీ చాయ తిరిగిందంటే చాలు, ఆపైన తనలోనే పుట్టే వాయువుతో అదే పండుతుంది. రంగు సగం తిరిగాక తెంపి వంటింట్లో గాలాడే బుట్టలో పెడితే రుచిలో లోటు రాదు. పిట్టలు, ఉడతలు, కోతులు ఉన్నచోట ఇదే మేలు. పొద్దున్నే తెంపాలి. తొడిమె పైన కణుపులాంటి ముడి ఒకటి ఉంటుంది, అక్కడ బొటనవేలితో నొక్కి పైకి విరిస్తే కొమ్మ చీలదు. మార్చిలో ఎండ ముదిరాక పండ్లు ఎర్రబడకుండా నారింజ, పసుపు రంగుల్లోనే ఆగిపోతాయి. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటితే సరిగా తయారు కాదు. అవి పండనట్టు కాదు, రంగు రానట్టు. నొక్కి మెత్తదనం చూసి వండుకోవచ్చు, లేదా దోరగా ఉన్నప్పుడే నీడకు తెస్తే ఇంట్లో ఎర్రబడతాయి.

తెంపిన పండును ఫ్రిజ్‌లో పెట్టకండి. ఇది పెద్దవాళ్ల చాదస్తం కాదు. 2016లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పండిన టమాటాలను 5 డిగ్రీల చలిలో వారం ఉంచి చూశారు. వాసననిచ్చే పదార్థాలను తయారుచేసే జన్యువులు మొద్దుబారాయి, బయట పెట్టాక కూడా ఆ వాసన పూర్తిగా తిరిగి రాలేదు. తీపి, పులుపు అలాగే ఉంటాయి, టమాటాను టమాటాగా పోల్చుకునే ఆ సువాసన పోతుంది. అంత కష్టపడి నాటు రకం పెంచి, చివరికి ఫ్రిజ్‌లో పెట్టడం చూస్తే బాధగా ఉంటుంది.

ఎన్ని మొక్కలు కావాలి? డబ్బాలో పెరిగిన మొక్క బాగా చూసుకుంటే కాలం మొత్తం మీద రెండు మూడు కిలోలిస్తుంది. ఎనిమిది మొక్కలుంటే ఇరవై కిలోలు. పది వారాలకు పంచితే వారానికి రెండు కిలోలు, నలుగురున్న ఇంటికి పప్పుకూ చారుకూ సరిపోతుంది. ఇరవై మొక్కలు పెట్టినవాళ్లకు జనవరి చివర్లో ఒక్కసారిగా బుట్టలు నిండుతాయి. ఇరుగుపొరుగుకు పంచినా మిగులుతాయి. మొదట్లో చెప్పిన జూలైకి జవాబు ఆ మిగులులోనే ఉంది.

తెలుగిళ్లు టమాటా నిల్వ పచ్చడి ఎండలు మొదలయ్యే ఫిబ్రవరి, మార్చిల్లో పట్టడం ఊరికే అలవాటు కాదు. అప్పుడే పంట ఎక్కువ, అప్పుడే ఎండ తీక్షణం, గాలిలో తేమ తక్కువ. పండ్లు కడిగి, తడి లేకుండా తుడిచి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో మూడు రోజులు ఊరనిస్తారు. ఊట పిండి, ముక్కలను బంగ్లా మీద గుడ్డ పరిచి ఎండబెడతారు. ఆ ఊటలో చింతపండు నానేస్తారు. ముక్క గలగలమనేంత ఎండక్కర్లేదు, చేతికి తడి అంటకపోతే చాలు. తర్వాత కారం, మెంతిపిండి కలిపి రుబ్బి జాడీకి ఎత్తుతారు, కావలసినప్పుడల్లా కొంచెం తీసి ఇంగువ తిరగమోత పెడతారు. పచ్చడి వద్దనుకున్నవాళ్లు పలుచని చక్రాలుగా కోసి, కాస్త ఉప్పు చల్లి ఒరుగులు పెట్టుకోవచ్చు. టమాటాలో నూటికి 94 వంతులు నీరే కనుక కిలో పండ్లు ఎండితే మిగిలే ఒరుగులు కొద్దే. కాని వానాకాలంలో చారు మరిగేటప్పుడు నాలుగు ఒరుగులు నలిపి వేస్తే పులుపుకు కొదవ ఉండదు. కిలో రెండు వందలైన రోజున ఈ జాడీ ఉన్న ఇల్లు బజారు వైపు చూడదు.

పచ్చిగా మిగిలిన కాయలను కూడా పారేయకండి. మార్చి చివర్లో మొక్క వడలిపోయేటప్పుడు ఉన్న పచ్చికాయలన్నీ తెంపి, పచ్చిమిర్చి, నువ్వులు, జీలకర్రతో రోట్లో దంచితే పచ్చిటమాటా పచ్చడి. అన్నంలోకీ జొన్నరొట్టెలోకీ కూడా నప్పుతుంది. ఆ తర్వాత మొక్కను వేరుతో సహా తీసేసి, డబ్బాలో మట్టిని ఎండకు ఆరబెట్టాలి. అదే మట్టిలో మళ్లీ టమాటా, వంకాయ, మిరప వరుసగా పెట్టొద్దు. మూడూ ఒకే కుటుంబం, తెగుళ్లూ ఉమ్మడే. గోంగూరో, బెండో, తోటకూరో ఒక విడత తీసుకున్నాకే టమాటాకు తిరిగి రావాలి.

విత్తనం దాచుకోదలిస్తే కోత మొదట్లోనే ఎంచుకోవాలి. వైరస్ జాడ లేని మొక్క మీద, మొదటి రెండు గుత్తుల్లో వచ్చిన నిండు పండ్లను పూర్తిగా ఎర్రబడేదాకా చెట్టుకే వదిలేయాలి. గుజ్జు గింజలతో సహా గ్లాసులోకి పిండి, రెండు మూడు రోజులు కప్పి ఉంచితే పైన నురగ కడుతుంది. ఆ పులియడంతో గింజ చుట్టూ ఉన్న జిగురు వదులుతుంది, మొలకను ఆపేది ఆ జిగురే. నీళ్లు పోసి కడిగితే తాలు గింజలు తేలిపోతాయి, అడుగున నిలిచినవే మంచివి. పళ్లెంలో పల్చగా పరిచి నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టి, పైన రకం పేరు, సంవత్సరం రాసి గాలి చొరని సీసాలో పెడితే మూడు నాలుగేళ్లు మొలక చెడదు. హైబ్రిడ్ పండు గింజలు దాచి ప్రయోజనం లేదు, పిల్ల మొక్కలు తల్లిలా రావు. పూసా రూబీ, పీకేఎం-1, అర్క వికాస్, లేదా ఊళ్లో ఎవరింటి పెరట్లోనో మిగిలిన నాటు టమాటా అయితే ఆ పొట్లం వచ్చే చవితికి నారు పోసుకోవడానికి సరిపోతుంది.